పసుపు లైటు పడితే ఆగాలా, దాటాలా? మూడు సెకన్ల వెనక ఉన్న లెక్క

మన రోజువారీ మాటల్లో సిగ్నల్‌కు రెండే లైట్లు. ‘రెడ్ పడింది’ అంటాం, ‘గ్రీన్ పడింది’ అంటాం. పసుపు పడిందని అన్నవారు నాకు ఇంతవరకూ తారసపడలేదు. వెలిగిన మూడు సెకన్లకే ఆరిపోయే ఆ లైటుకు మన భాషలో చోటే దొరకలేదు. కానీ కూడలిలో వినిపించే కీచుమనే బ్రేకులు, వెనక నుంచి తగిలే దెబ్బలు, వాటి తర్వాత రేగే గొడవలు ఎక్కువగా ఆ మూడు సెకన్ల దగ్గరే మొదలవుతాయి.

నల్లగొండలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక కూడలి పక్కన, టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఒక సాయంత్రం అరగంట సేపు ఆ పసుపునే గమనించాను. ఒకసారి అది పడే సమయానికి మూడు వాహనాలు తెల్లగీతకు దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి. ముందున్న స్కూటీ అమ్మాయి బ్రేకు వేసి గీత దగ్గర ఆగింది. ఆమె ఎలాగూ దాటేస్తుందని నమ్మి వెనకాలే వేగం పెంచిన ఆటో డ్రైవరు చివరి క్షణంలో హ్యాండిల్ తిప్పి, ఆమె కుడివైపు అద్దాన్ని రాసుకుంటూ కూడలిలోకి దూసుకుపోయాడు. ఆ పక్కన నిండుగా జనంతో వస్తున్న ఆర్టీసీ బస్సు వేగం తగ్గించనే లేదు. హారన్ మోగిస్తూ దాటేసింది. అమ్మాయి కాలు కింద పెట్టి, వంగిపోయిన అద్దాన్ని సరిచేసుకుంటూ ఆటో వెళ్లిన వైపు చూస్తూ ఉండిపోయింది.

లైటు ఒకటే, దూరం ఒకటే. ముగ్గురూ మూడు రకాలుగా స్పందించారు. టీ తాగుతున్న పెద్దాయన ‘ఆటోవాళ్లంతా ఇంతే’ అని తీర్పు చెప్పేశారు. ఆటో డ్రైవరును నేనూ సమర్థించను. అయితే ఆ తీర్పుకు ముందు తెలుసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. అది తెలిశాక ఆ సంఘటన మరో రకంగా కనిపిస్తుంది.

ముందు చదువు సంగతి. ‘ఎరుపు అంటే ఆగు, పసుపు అంటే సిద్ధంగా ఉండు, పచ్చ అంటే వెళ్లు’ అని మనమందరం చిన్నప్పుడు వల్లించినవాళ్లమే. దేనికి సిద్ధంగా ఉండాలో మాత్రం ఆ పాఠం చెప్పదు. ఎరుపుకూ పచ్చకూ మధ్యలో పేరు వస్తుంది కాబట్టి బయలుదేరడానికి సిద్ధం కావాలని పిల్లవాడు అనుకుంటాడు. బ్రిటన్‌లో అయితే అది కొంత నిజమే. అక్కడ ఎరుపు పోయి పచ్చ వచ్చే ముందు ఎరుపు, పసుపు కలిసి రెండు సెకన్లు వెలుగుతాయి. మన కూడళ్లలో మామూలుగా ఎరుపు నుంచి నేరుగా పచ్చకే మారుతుంది. పసుపు పడేది పచ్చ తర్వాతే. కాబట్టి మన పసుపు సిద్ధం కమ్మనేది ఆగడానికే. గీతకు ముందు సురక్షితంగా ఆగగలిగితే ఆగాలి. గీత దాటేసి ఉంటే, లేదా ఆగితే ప్రమాదం జరిగేంత దగ్గరికి వచ్చేసి ఉంటే, వెళ్లిపోవాలి. నియమం ఇంతే. చిక్కంతా ‘ఆగగలిగితే’ అనే ఒక్క మాటలో ఉంది. ఆగగలనో లేదో నడిపేవాడికి ఎలా తెలుస్తుంది?

లెక్క చూద్దాం. లైటు మారిందని కన్ను పట్టుకుని, మనసు తేల్చుకుని, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను పడుతుందని ట్రాఫిక్ ఇంజినీర్లు లెక్కవేస్తారు. ఆ సెకనులో బండి పాత వేగంతోనే ముందుకు పోతూ ఉంటుంది. తర్వాత బ్రేకు పనిచేయడం మొదలవుతుంది. సీట్లో ఉన్నవాళ్లు ముందుకు తూలిపోకుండా, టైర్లు జారకుండా వేసే బ్రేకు ప్రతి సెకనుకూ వేగాన్ని గంటకు సుమారు 11 కిలోమీటర్ల మేర తగ్గిస్తుందని అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ మొదటి సెకనులో 11 మీటర్లు, బ్రేకు వేశాక మరో 21 మీటర్లు పోతుంది. మొత్తం 32 మీటర్లు. పసుపు మూడు సెకన్లు ఉంటే అదే వేగంతో పోయే బండి ఆ వ్యవధిలో 33 మీటర్లు దాటుతుంది. అంటే 32 మీటర్లకు అవతల ఉన్నవాడు ఆగగలడు, ఇవతల ఉన్నవాడు ఎరుపు పడేలోపు గీత దాటగలడు. ఇద్దరికీ దారి ఉంది. లెక్క కుదిరింది.

ఇప్పుడు వేగాన్ని 60కి పెంచండి. ఆగడానికి 63 మీటర్లు కావాలి. మూడు సెకన్లలో దాటగలిగేది 50 మీటర్లే. పసుపు పడే క్షణానికి గీత నుంచి 55 మీటర్ల దూరంలో ఉన్న మనిషి సంగతేమిటి? బ్రేకు వేస్తే గీత దాటి కూడలిలోకి వచ్చి ఆగుతాడు. అదే వేగంతో పోతే గీతను చేరేలోపే ఎరుపు పడుతుంది. అతను మద్యం తాగలేదు, ఫోను చూడటం లేదు, నియమాలన్నీ కంఠస్థం. అయినా తప్పు చేయకుండా బయటపడే దారి అతనికి లేదు. వేగం 80 అయితే ఆగడానికి దాదాపు 105 మీటర్లు కావాలి, మూడు సెకన్లలో పోయేది 67 మీటర్లు. అంటే దారిలో 38 మీటర్ల ముక్క ఒకటి ఇటు ఆగనివ్వదు, అటు దాటనివ్వదు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటామే, సరిగ్గా అదే ఈ ముక్క. దీన్ని గణితంతో మొదట తేల్చి చెప్పింది 1960లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో పనిచేసిన గాజిస్, హెర్మన్, మరదుదిన్ అనే ముగ్గురు. డ్రైవర్లు పసుపును ధిక్కరించడానికి పొగరొక్కటే కారణం కాదనీ, కొన్ని కూడళ్లలో పసుపు సమయమే పాటించడానికి వీలులేనంత తక్కువగా ఉందనీ వారు చూపించారు. ఆ గొయ్యిని పూడ్చే పద్ధతి కూడా వారి లెక్కలోనే ఉంది. అదే వేగానికి తగినంత సేపు పసుపును వెలిగించడం. పైన వేసిన లెక్క ప్రకారం 40 వేగానికి మూడు సెకన్లు సరిపోతాయి. 60కి 3.8 సెకన్లు, 80కి 4.7 సెకన్లు కావాలి. జర్మనీలో వేగ పరిమితి 50 ఉన్నచోట 3 సెకన్లు, 60 ఉన్నచోట 4, 70 ఉన్నచోట 5 సెకన్లు పసుపు ఇస్తారు. అమెరికా ప్రమాణాల్లో కనిష్ఠం 3, గరిష్ఠం 6 సెకన్లు. వేగాన్నిబట్టి పసుపు సమయం మారాలన్నది అరవై ఏళ్లకు పైగా తెలిసిన విషయం.

ఇప్పటిదాకా లెక్కంతా కారుకో బైకుకో సరిపోయేది. మన రోడ్ల మీద తిరిగేవి అవి మాత్రమే కావు. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి బియ్యం బస్తాలతో బయలుదేరిన లారీని తీసుకోండి. నిండు లోడుతో ఉన్న లారీ కారంత చురుగ్గా ఆగలేదు. బ్రేకు పట్టు మూడింట రెండు వంతులే అనుకుంటే, 60 వేగంలో అది ఆగడానికి 86 మీటర్లు కావాలి. కారుకు 13 మీటర్లున్న గొయ్యి లారీకి 36 మీటర్లవుతుంది. వడ్ల ట్రాక్టరు సంగతి వేరు. దాని వేగం తక్కువే, కానీ చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టరు గట్టిగా ఆగబోతే నిండు ట్రాలీ వెనక నుంచి దాన్ని నెట్టుకొస్తుంది. ఆ సంగతి తెలిసిన డ్రైవరు పసుపును చూసి గట్టిగా బ్రేకు తొక్కడు. అతను తొక్కడని వెనక వచ్చే మనకు తెలిసి ఉండాలి.

ఆ సాయంత్రం ఆగకుండా వెళ్లిన బస్సు గురించి నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇందుకే. సాయంత్రం పూట దేవరకొండ బస్సులోనో మునుగోడు బస్సులోనో నిలబడి ప్రయాణించినవారికి ఇది అనుభవమే. పై కడ్డీ అందని ముసలమ్మ సీటు అంచు పట్టుకుని ఉంటుంది, తల్లి చంకలో పిల్లను వేసుకుని ఉంటుంది, కండక్టరు రెండు చేతులతో టికెట్లు కొడుతూ నడుముతో సీటుకు ఆనుకుని ఉంటాడు. వీళ్లెవరూ పడిపోకుండా ఆపాలంటే బ్రేకును మెల్లగా, కారు బ్రేకులో సగం పట్టుతో వేయాలి. అప్పుడు 40 వేగంలో కూడా బస్సు ఆగడానికి 52 మీటర్లు పడుతుంది. మూడు సెకన్ల పసుపు దానికి ఇచ్చేది 33 మీటర్లే. ఆ డ్రైవరు ముందున్నవి రెండే దారులు. లోపలివాళ్లను పడేయడం ఒకటి, బయటివాళ్లకు హారన్ కొట్టి దాటడం రెండోది. ఆయన రెండోది ఎంచుకున్నారు. కూడలికి ముందే వేగం తగ్గించి ఉండవలసింది, నిజమే. కానీ పచ్చ లైటు వెలుగుతుండగా వేగం తగ్గించే బస్సును వెనకవాళ్లు ఎన్ని హారన్లతో తరుముతారో కూడా చూశాం కదా.

గొయ్యి పూర్తిగా పూడినా రెండో చిక్కు మిగులుతుంది. గీతను చేరడానికి రెండున్నర నుంచి ఐదున్నర సెకన్లు పట్టే దూరంలో ఉన్నప్పుడు పసుపు పడితే, మనుషులు తలా ఒక రకంగా తేల్చుకుంటారని దశాబ్దాల పరిశీలనలో తేలింది. మరీ దగ్గరుంటే దాదాపు అందరూ దాటుతారు, మరీ దూరముంటే దాదాపు అందరూ ఆగుతారు. మధ్యలో ఉన్నవాళ్లే ఊగిసలాడుతారు. 60 వేగంలో ఈ ఊగిసలాట గీతకు సుమారు 40 మీటర్ల నుంచి 90 మీటర్ల వరకూ పరుచుకుని ఉంటుంది. ఇక్కడ ప్రమాదం ఏ ఒక్కరి నిర్ణయంలోనూ ఉండదు. ముందువాడు ఆగుదామనుకుంటాడు, వెనకవాడు దాటుదామనుకుంటాడు. విడివిడిగా చూస్తే ఇద్దరిదీ సరైన నిర్ణయమే. రెండూ కలిస్తే గుద్దుకుంటాయి. స్కూటీ అమ్మాయికీ ఆటోకూ మధ్య జరిగింది అదే.

దీన్ని సరిచేయడానికి మన పట్టణాల్లో సెకన్లు లెక్కపెట్టే టైమర్లు పెట్టారు. ఎరుపు దగ్గర అవి మేలు చేస్తాయి. ఇంకా 60 సెకన్లున్నాయని తెలిస్తే ఇంజను ఆపుకోవచ్చు, అసహనమూ తగ్గుతుంది. పచ్చ దగ్గర మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. 5, 4, 3 అని అంకెలు దిగుతుంటే దూరంగా ఉన్నవాడికి అది పరుగు పందెంలా కనిపిస్తుంది. వేగం తగ్గించవలసిన చోట పెంచుతాడు. అదే సమయంలో అడ్డరోడ్డు మీద ఎరుపు అంకెలు కూడా 3, 2 అని దిగుతుంటాయి. అక్కడి బైకులు పచ్చ కోసం ఆగకుండా అంకెను చూసి గీత దాటి ముందుకు జరుగుతాయి. ఇటువాడు ఆలస్యంగా దాటుతాడు, అటువాడు ముందుగా బయలుదేరతాడు. ఇద్దరూ కలిసేది కూడలి నడిమధ్యలో.

అందుకే పసుపు ఆరిన తర్వాత కొద్దిసేపు అన్ని వైపులా ఎరుపే వెలగాలి. దీన్ని నేను పసుపు కన్నా ముఖ్యమనే అంటాను. పసుపు చివరి క్షణంలో గీత దాటిన పది మీటర్ల లారీ, ఇరవై మీటర్ల వెడల్పున్న కూడలిని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పూర్తిగా దాటడానికి 3.6 సెకన్లు కావాలి. ఎరుపు పడగానే అడ్డరోడ్డుకు పచ్చ ఇచ్చేస్తే ఆ లారీ తోక ఇంకా కూడలిలోనే ఉంటుంది. నడిచేవారి సంగతి ఇంకా కష్టం. సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడిచినా 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ వేగంతో నడవలేడు.

లెక్కలు అమెరికాలో మాత్రం ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయని అనుకోనక్కరలేదు. ఆరిగన్ రాష్ట్రంలోని బీవర్టన్‌లో 2013లో ఒక మహిళకు కెమెరా ఆధారంగా సిగ్నల్ ఉల్లంఘన జరిమానా పడింది. ఆమె భర్త మాట్స్ యార్ల్‌స్ట్రామ్ ఎలక్ట్రానిక్స్ చదివిన మనిషి. గాజిస్ బృందం చెప్పిన పాత సూత్రం నేరుగా పోయే వాహనానికే సరిపోతుందనీ, మలుపు తిరిగేవాడు కూడలికి ముందే వేగం తగ్గిస్తాడు కాబట్టి గీత చేరడానికి ఎక్కువ సమయం పడుతుందనీ, ఆ సమయం అతనికి పసుపులో దొరకడం లేదనీ ఆయన లెక్కగట్టారు. దాన్ని అధికారులకు రాస్తే, లైసెన్సు లేకుండా ఇంజినీరు పని చేశావంటూ రాష్ట్ర ఇంజినీరింగ్ బోర్డు 500 డాలర్ల జరిమానా వేసింది. ఆయన కోర్టుకు వెళ్లి 2018లో గెలిచారు. 2020లో అక్కడి రవాణా ఇంజినీర్ల సంస్థ తన మార్గదర్శకాలను మార్చి, మలుపు తిరిగేవారికి ఎక్కువ పసుపు ఇచ్చే లెక్కను చేర్చింది. ఒక సామాన్యుడు వేసిన ప్రశ్న సూత్రాన్నే మార్చిందంటే నాకు ఆ కథ ఎన్నిసార్లు చదివినా ఉత్సాహం కలుగుతుంది.

ఇక పట్టణం దాటి హైవే మీదికి వెళ్దాం. అక్కడ పసుపు ఒంటరిగా, మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. విజయవాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటుతున్నా, కర్నూలు వైపు పోయే 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు దాటుతున్నా, ఊరి దారి వచ్చి కలిసేచోట్ల ఈ మిణుకు లైట్లు కనిపిస్తూనే ఉంటాయి. వాటి అర్థం ఆగమని కాదు. వేగం తగ్గించి, రెండు వైపులా చూసి, జాగ్రత్తగా దాటమని. ఎరుపు మిణుకుమంటే మాత్రం పూర్తిగా ఆగి, చూసుకున్నాకే కదలాలి. ఈ తేడా తెలియనివారు చాలామంది ఉన్నారు. రాత్రి పొద్దుపోయాక పట్టణ సిగ్నళ్లను కూడా మిణుకు పసుపులోకి మారుస్తారు. అప్పుడు ఆ కూడలి సిగ్నల్ లేని కూడలితో సమానం. ప్రధాన రోడ్డు మీద వచ్చేవారికి, రెండూ సమానమైన రోడ్లయితే కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి.

హైవే మిణుకు లైటుతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అది ఎప్పుడూ మిణుకుమంటూనే ఉంటుంది. అడ్డంగా ఎవరైనా వస్తున్నా, ఎవరూ లేకపోయినా దానికి ఒకటే. ‘నాన్నా పులి’ కథ గుర్తుంది కదా. పులి రాకుండానే అరిచిన కొడుకు మాట తండ్రి కొన్నాళ్లకు నమ్మడం మానేశాడు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట చేరేలోపు అలాంటి లైట్లు ఎన్నో దాటినా ఒక్కచోటా ఎవరూ ఎదురుపడని డ్రైవరు ఆ తర్వాతి లైటును నమ్మడం మానేస్తాడు. కన్ను చూస్తుంది గానీ కాలు కదలదు. ఇది మన మెదడు పనిచేసే తీరు. కబురు మోయని దీపాన్ని అది నేపథ్యంలోకి తోసేస్తుంది.

ఒకసారి పులి నిజంగా వచ్చినప్పటి లెక్క ఇది. నాలుగు వరుసల రోడ్డులో ఒకవైపు రెండు వరుసలు, దాదాపు 7 మీటర్లు. ఆగి ఉన్న ట్రాక్టరు కదిలి, వెనక ట్రాలీతో సహా ఆ 7 మీటర్లను ఖాళీ చేయడానికి సుమారు 8 సెకన్లు పడుతుందనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 8 సెకన్లలో దాదాపు 220 మీటర్లు వచ్చేస్తుంది. రాత్రి డిప్ లైటు వెలుగులో రోడ్డు స్పష్టంగా కనిపించేది యాభై, అరవై మీటర్లే. ట్రాలీకి పక్కన రేడియం స్టిక్కర్లు లేకపోతే కారు డ్రైవరుకు అది కనిపించేసరికి చేయడానికి ఏమీ మిగలదు. యాసంగి కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటే, మిగిలిన సగంలోకి అన్ని బండ్లూ కలిసి వస్తాయి. వడ్ల మీద బైకు బ్రేకు పట్టదని ఆ దారిన పోయేవారికి చెప్పనక్కరలేదు.

దీనికి మార్గం ఉంది. అమెరికాలోని మిన్నెసోటా వంటి చోట్ల పల్లె దారిలో వాహనం వచ్చినట్టు రోడ్డు కింది సెన్సరు పట్టుకున్నప్పుడే ప్రధాన రహదారి మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది. మిగతా సమయంలో ఆరిపోయి ఉంటుంది. వెలిగిందంటే పులి వచ్చినట్టే. మన హైవేల మీద ఊరి మలుపుల దగ్గర ఇలాంటివి ముందుగా రావాలని నా కోరిక. సౌరఫలకంతో నడిచే మిణుకు లైటు పెట్టగలిగిన చోట ఒక సెన్సరు చేర్చడం అసాధ్యమేమీ కాదు.

ఈలోగా నడిపేవారు చేయగలిగినది ఒకటుంది. రోజూ పోయే కూడలిలో గీతకు 30, 35 మీటర్ల ముందు ఒక గుర్తు పెట్టుకోండి. విద్యుత్ స్తంభం కావచ్చు, కిరాణా దుకాణం బోర్డు కావచ్చు. 40 వేగంలో వస్తూ ఆ గుర్తుకు ముందే పసుపు పడితే ఆగాలి, గుర్తు దాటాక పడితే వెళ్లాలి. నిర్ణయం ముందే అయిపోయింది కాబట్టి ఊగిసలాట ఉండదు. ఆగేముందు ఒక్కసారి అద్దంలో చూసుకోండి, వెనక లారీ ఉంటే మీ లెక్కలో అదీ చేరుతుంది. పచ్చ చాలాసేపటి నుంచి వెలుగుతూ ఉందనిపిస్తే కాలును యాక్సిలరేటరు మీంచి తీసి బ్రేకు మీద ఆనించి ఉంచండి. ఆ ఒక సెకనులో సగం అక్కడే మిగులుతుంది. వర్షం పడినప్పుడు గుర్తును ఇంకాస్త వెనక్కి జరపండి.

కూడలిని సరిచేయించడం కూడా మన చేతిలో ఉన్నదే. ఫోనులోని స్టాప్‌వాచ్‌తో మా కూడలి పసుపును పదిసార్లు కొలిచాను. ప్రతిసారీ మూడు సెకన్లే వచ్చింది. ఆ వెంటనే, మధ్యలో ఒక్క సెకను కూడా ఖాళీ లేకుండా, అడ్డరోడ్డుకు పచ్చ పడుతోంది. కూడలి వెడల్పు నా అడుగులతో సుమారు 22 మీటర్లు. అక్కడ తిరిగే బస్సులు, లారీల వివరం, ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాశాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. అర్జీలో అడిగింది రెండే: పసుపుకు ఒక సెకను పెంచండి, అది ఆరాక మూడు సెకన్లు అన్ని వైపులా ఎరుపు ఉంచండి.